వైద్యుని నిత్యాధ్యయనము



గ్రామమున వైద్యుని యింటిముంగిట ప్రాతఃకాలమున గూడిన జనమును చూచినచో నొక సంగతి తెలియును. వారు తెచ్చిన రోగములు క్రొత్తవి కావు. జ్వరము, దగ్గు, విరేచనములు, కడుపునొప్పి, గజ్జి, తలనొప్పి, ఇవియన్నియు తాతలనాఁటి రోగములే. రోగములు పాతవి కాఁబట్టి వైద్యుఁడొకమాఱు నేర్చిన విద్యయే యాయుష్కాలమంతయు చాలునని లోకము తలఁచును. వైద్యుఁడును తఱచుగా నట్లే తలఁచును. ఈ తలంపు సత్యము కాదనియు, సామాన్యరోగముల విషయముననే వైద్యులు మఱల మఱల విద్యార్థులు కావలసివచ్చెననియు, అట్లు నేర్చుకొనుటలో జరిగిన యాలస్యమునకు బలియైనవారు ముఖ్యముగా పసిబిడ్డలనియు చరిత్ర చెప్పుచున్నది. ఆ చరిత్రయే నేఁటి నా ప్రసంగవిషయము.

నా బాల్యమున మా వీథిలో నొక గృహమున రెండేండ్ల బాలునకు విరేచనములు పట్టుకొనెను. నీరు త్రాగించినకొలఁది విరేచనములధికమగునని పెద్దలు నీరు మాన్పించిరి. బాలుఁడు ఎండిన నాలుకతో నీటికుండవైపు చూచుచుండెను. పిలువఁగా వచ్చిన వైద్యుఁడును లంఘనము మంచిదేయని తల యూఁచి, పొడి యొకటి యిచ్చి పోయెను. మూఁడవనాఁటి యుదయమున నా యింట నేడుపులు వినఁబడెను. ఆ తల్లికి బిడ్డపై ప్రేమ లేదా? పెద్దలకు జాలి లేదా? వైద్యుఁడు మోసగాఁడా? ఎవరును నట్టివారు కారు. అందఱును తాము నేర్చినదానినే నిష్ఠతో నాచరించిరి. నేర్చినదియే తప్పైనపుడు నిష్ఠ యెంత యపాయకరమగునో నాకు పెద్దవాఁడనైన పిదప బోధపడెను.

మన ప్రాచీనులీ విషయము నెఱుఁగనివారు కారు. చరకసంహితలో విమానస్థానము నెనిమిదవ యధ్యాయమున శాస్త్రజ్ఞానమునకు మూఁడుపాయములు చెప్పఁబడినవి. మొదటిది అధ్యయనము, అనఁగా చదువుట. రెండవది అధ్యాపనము, అనఁగా శిష్యులకు చెప్పుట. మూఁడవది తద్విద్యసంభాష, అనఁగా ఆ విద్య నెఱిఁగినవారు తమలోఁ దాము కూడి మాటలాడుకొనుట. విద్యార్థిదశతో ముగియునది ఇందొక్కటియు లేదు. చదువు ఎడతెగనిది, చెప్పుటయు సంభాషించుటయు వైద్యుఁడైన పిదపనే సాధ్యములు. గురుకులమునుండి వెడలినవాఁడు విద్యనుండి వెడలినట్లు కాదని దీని తాత్పర్యము.

ఆ సంభాష మఱల రెండు తెఱఁగులు. మంచి మనస్సుతో, కోపము లేక, తెలియనిది యడిగి తెలిసినది చెప్పుచు సాగునది సంధాయసంభాష. గెలుపోటముల పట్టుదలతో సాగునది విగృహ్యసంభాష. సంభాషవలని ఫలములను చెప్పుచు సంహితాకారుఁడొక చమత్కారమైన మాట చెప్పినాఁడు. గురువు ప్రసన్నుఁడై ప్రియశిష్యునకు రహస్యముగా నుపదేశించిన విషయమునుకూడ ఆ శిష్యుఁడు సభలో గెలువవలెనను తమకమున బయటపెట్టునఁట. వైద్యవిద్యలో దాపఱికము మన దేశమున కలదని నిందించువారు కలరు. ఆ నింద కేవలము నిరాధారము కాదు. కాని ఆ దాపఱికమునకు మందు సంభాషయేయని గుర్తించినవారును మనవారే.

అట్టి సంభాష యెట్లు జరిగెనో సూత్రస్థానము నిరువదియాఱవ యధ్యాయము చూపుచున్నది. చైత్రరథవనమున ఋషులు గుమికూడి, రసములెన్ని యని చర్చించిరి. ఒకఁడు రసమొక్కటియే యనెను. ఒకఁడు రెండనెను, ఒకఁడు మూఁడనెను. ఇట్లు సంఖ్య పెరుగుచు, తుదకొకఁడు రసములకు లెక్కయే లేదనెను. అందఱ మాటలును విని ఆత్రేయుఁడు ఆఱు రసములని సిద్ధాంతము చేసి, తక్కిన వాదములు ఎచ్చట తప్పినవో కారణసహితముగా చెప్పెను. ఇచ్చట మనము గమనింపవలసినది ఆఱు అను సంఖ్య కాదు. ఆత్రేయునంతవాఁడు సభ పెట్టి, అన్యులను మాటలాడనిచ్చి, తరువాత తన మాట చెప్పెను. నేఁడు మన మండలాస్పత్రిలో నున్న వైద్యుఁడు మఱియొక వైద్యుని యభిప్రాయమడిగినచో తనకు తక్కువయని తలఁచుట కంటె ఇది యెంత మేలు!

సుశ్రుతసంహిత మఱియొక మెట్టు ముందునకు పోయినది. శాస్త్రమంతయు వల్లించినను చేతితో పని చేయనివాఁడు చికిత్సకు తగఁడనియు, శస్త్రకర్మను మొదట గుమ్మడికాయ, సొరకాయ మున్నగువానిపై నభ్యసింపవలెననియు నందు విధింపఁబడినది. చెవితో విన్నది వేఱు, చేతికి వచ్చినది వేఱు. ఈ భేదమును మనము మఱల చూడఁగలము.

తెలుఁగునాట వైద్యమును విద్యయు నొక్కచోట నెలకొన్న నిదర్శనమొకటి చెప్పెదను. గుంటూరు మండలములోని మల్కాపురమున కాకతీయ రుద్రమదేవి కాలపు శాసనమొకటి కలదు. దాని కాలము క్రీ. శ. 1261. గణపతిదేవునకు గురువైన విశ్వేశ్వరశివాచార్యుఁడు మందడము నందలి మఠమునకు చేసిన యేర్పాటులలో విద్యాస్థానముతోపాటు ఆరోగ్యశాల, ప్రసూతిశాల కూడ పేర్కొనఁబడినవి. చదువు చెప్పు చోటును రోగిని చూచు చోటును ఇరుగుపొరుగులుగా నుండుట యెంత యుక్తమో ఆ కాలపువా రెఱుఁగుదురు.

ఆంగ్లేయప్రభుత్వమున పద్ధతి మాఱెను. పాఠశాలలు, పరీక్షలు, పట్టములు వచ్చినవి. చెన్నపురి రాజధానిలో 1914లో వైద్యుల పట్టిక నేర్పఱచు చట్టము పుట్టెను. 1923లో విశాఖపట్టణమున వైద్యకళాశాల యేర్పడెను. పానుగంటి రామరాయణింగారు, అనఁగా పానగల్లు రాజాగారు, ప్రధానమంత్రిగా నున్న కాలమున, 1924 ప్రాంతమున, పల్లెలలో కాపురముండి వైద్యము చేయువారికి ప్రభుత్వము కొంత వేతనమిచ్చు పథకము మొదలయ్యెను. ఇవి మంచిపనులు. పట్టికవలన నకిలీవైద్యుని గుర్తుపట్టుట సాధ్యమయ్యెను; వేతనమువలన పట్టణము విడువని వైద్యుఁడు పల్లెకు వచ్చెను. కాని పట్టిక యనునది ఆ నాఁడు పేరెక్కినపుడు వైద్యుఁడేమి చదివెనో చూచునేగాని, ఇరువదియేండ్ల తరువాత నతఁడేమి యెఱుఁగునో చూచునది కాదు. పల్లెలో నొంటిగా నున్నవానికి సంభాషించుటకు తోడి వైద్యుఁడును లేఁడు. చరకుఁడు చెప్పిన మూఁడవ యుపాయము నట్టివానికి తెగిపోయెను.

ఇఁక రెండు సామాన్యరోగముల కథలు చెప్పెదను. మొదటిది చలిజ్వరము.

రొనాల్డ్ రాస్ అను వైద్యుఁడు 1857లో అల్మోరాలో జనించి, 1881లో ఇండియా వైద్యశాఖలో చేరెను. 1880లోనే అల్జీరియాలో లావరాన్ అను ఫ్రెంచి వైద్యుఁడు చలిజ్వరరోగి రక్తమున సూక్ష్మజీవులను చూచియుండెను. రాస్ ఆ మాట నమ్మలేదు. తాను సూక్ష్మదర్శినితో వెదకెను, కానరాలేదు. కానరానిది లేదని నిశ్చయించి, ఆ జ్వరము ప్రేవులనుండి పుట్టునని వ్రాసెను. 1894లో సెలవుపై లండనునకు పోయినపుడు ప్యాట్రిక్ మాన్సన్ అను పెద్ద వైద్యుని కలిసికొనెను. మాన్సన్ వాదమునకు దిగలేదు. రోగి రక్తపుచుక్కను సూక్ష్మదర్శినిక్రింద పెట్టి చూడుమనెను. ఏ యాకారమును వెదకవలెనో తెలిసిన పిదప రాస్ కన్నులకు ఆ జీవులు కనఁబడినవి. అప్పటి కతనికి ఇంచుమించు ముప్పదియేడేండ్లు. పదుమూఁడేండ్లుగా వైద్యము చేయుచున్నవాఁడు. అట్టివాఁడు తాను వ్రాసినది తప్పని యొప్పుకొని మఱల శిష్యుఁడయ్యెను.

1895లో రాస్ సికింద్రాబాదునకు వచ్చెను. రెండేండ్లు దోమలను కోసి కోసి చూచెను. హుసేన్ ఖాన్ అను రోగి కుట్టిన దోమ కొక యణా చొప్పున పుచ్చుకొని తన శరీరమును దోమల కప్పగించెను. 1897 ఆగష్టు 20వ తేదీన ఆ దోమల యుదరకుడ్యమున చలిజ్వరజీవి పెరుగుచున్న గుర్తులు రాసునకు కనఁబడినవి. మఱుసటి సంవత్సరము కలకత్తాలో పక్షులపై పరీక్షించి దోమకాటుచేత రోగము వ్యాపించు మార్గమును పూర్తిగా చూపెను. 1902లో నోబెలు బహుమానము వచ్చెను. బేగంపేటలో నతఁడు పనిచేసిన భవనము నేఁటికిని కలదు. మన పిల్లలకు దోమ కథ చెప్పుదుముగాని, దానికి ముందున్న కథ, అనఁగా అనుభవజ్ఞుఁడైన వైద్యుఁడు తన మాట మార్చుకొన్న కథ, చెప్పము. నాకది యంతకంటె పెద్దదిగా తోఁచుచున్నది.

చలిజ్వరమునుగూర్చి నేర్చుట అంతటితో ముగియలేదు. 1820లో సింకోనా పట్టనుండి క్వినైనును వేఱుచేసిరి. తరువాత క్లోరోక్విన్ వచ్చెను. కొన్ని దశాబ్దములది సంజీవనివలె పనిచేసెను. పిమ్మట ప్రాణాంతకమైన ఫాల్సిపారమను జాతి జీవి ఆ మందునకు లొంగుట మానెను. చైనాలో తూ యూయూ అను విదుషి ప్రాచీనవైద్యగ్రంథముల నాధారముచేసికొని పరిశోధించి, 1972లో నొక మొక్కనుండి ఆర్టెమిసినిన్ అను నౌషధమును సాధించెను. 2015లో ఆమెకు నోబెలు బహుమానము లభించెను. క్లోరోక్వినుతో నూఱుగురిని బ్రదికించిన వైద్యుఁడు నూటయొకటవ రోగియందు అదే మందునే పట్టుకొని కూర్చున్నచో, నతని యనుభవమే రోగికి శత్రువగును.

రెండవ కథ విరేచనములది. ఇదియే నా బాల్యమునందలి కథకు సమాధానము.

1831లో వాంతిభేది ఇంగ్లండునకు ప్రాఁకెను. ఓషానెస్సీ అను యువవైద్యుఁడు రోగుల రక్తమును పరీక్షించి, దానిలోని నీరును లవణములును పోయినవనియు వానిని మఱల చేర్చుటయే చికిత్సయనియు చెప్పెను. 1832లో థామస్ లాటా అను వైద్యుఁడు స్కాట్లండులో ఉప్పునీటిని రోగుల నరములలోనికి ఎక్కించెను. మృతప్రాయులు కొందఱు లేచి కూర్చుండిరి. ఐనను లోకము దానిని మఱచెను. సుమారు డెబ్బదియేండ్లకు పైగా గడచిన తరువాత కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ ఆ పద్ధతిని బాగుపఱచి వాంతిభేది మరణములను చాల తగ్గించెను. కాని సీసాలు, సూదులు, శుద్ధిచేసిన నీరు, నేర్పరియైన చేయి, ఇవి యన్నియు పల్లెలో నెక్కడివి?

నోటితో త్రాగించిన చాలదా యను ప్రశ్న అందఱికిని తోఁపవలసినదే. 1953లో హేమేంద్రనాథ చటర్జీ యను కలకత్తా వైద్యుఁడు గ్లూకోజును ఉప్పును కలిపిన నీటిని 186 మంది వాంతిభేది రోగులకు నోటిద్వారా నిచ్చి, ఫలితమును లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రికలో ప్రకటించెను. ఎవరును లక్ష్యపెట్టలేదు. ప్రేవులు రోగముచే పాడైయున్నపుడు నీరు లోపలికి పోదనియు, ప్రేవులకు విశ్రాంతి యియ్యవలెననియు నాఁటి వైద్యుల నమ్మకము. పాశ్చాత్యదేశముల పెద్ద యాసుపత్రులలో సైతము విరేచనముల బిడ్డలకు పాలు మాన్పించి పస్తుంచుట యాచారముగా నుండెను. మా వీథి పెద్దల లంఘనమును వెక్కిరించువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. నిజమునకు మన ప్రాచీనవైద్యగ్రంథములలో అతిసారమునకు పేయ, మండము, పేలాలగంజి మున్నగు ద్రవాహారములు చెప్పఁబడియే యున్నవి. లంఘనమను మాట నిలిచెను, గంజి మఱపునఁ బడెను.

చటర్జీ చూచినదానికి కారణము 1960లో తెలిసెను. రాబర్ట్ క్రేన్ అను శాస్త్రజ్ఞుఁడు ప్రేవుల గోడలో ఉప్పులోని సోడియమును గ్లూకోజును ఒకే ద్వారమున చేయిచేయి పట్టుకొని లోపలికి పోవునని ప్రతిపాదించెను. ఉప్పు పోయిన చోటికి నీరును పోవును. రోగమువలన నీరు బయటికి పాఱుచున్నను ఈ ద్వారము మూయఁబడదు. కాఁబట్టి కేవలము నీరు త్రాగించుట వేఱు, తగిన పాళ్లలో ఉప్పును చక్కెరయు కలిపిన నీరు త్రాగించుట వేఱు. 1968లో ఢాకా పరిశోధనాలయమున డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అను యువవైద్యులు దీనిని వాంతిభేది రోగులయందు స్పష్టముగా ఋజువుచేసిరి.

ఋజువైనను వైద్యలోకము కదలలేదు. కదలించినది యాపద. 1971లో తూర్పుబెంగాలు యుద్ధమునకు వెఱచి కోటిమంది వఱకు జనము మన దేశమునకు శరణార్థులై వచ్చిరి. సరిహద్దుననున్న బన్‌గాఁవ్ పట్టణపు శిబిరములలో వాంతిభేది చెలరేఁగెను. ఆసుపత్రి గదులు చాలలేదు. రోగులు నేలపై పడియుండిరి. ఎక్కింపవలసిన సెలైను సీసాలు తఱిగిపోయినవి. అచ్చట నున్న దిలీప్ మహలానబిస్ అను వైద్యుఁడు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా తూఁచి పొట్లములు కట్టించి, నీటిలో కలిపి పెద్ద పీపాలలో నుంచెను. రోగుల బంధువులు లోటాలతో పట్టుకొని తమవారికి తామే త్రాగించిరి. అంతకుముందు నూటికి ముప్పదిమంది వఱకు చచ్చుచుండఁగా, ఆయన చూచిన రోగులలో మరణములు నూటికి 3.6 వంతులకు దిగెను. వైద్యము వైద్యుని చేతినుండి తల్లి చేతికి వచ్చెను. 1978లో లాన్సెట్ పత్రిక యీ సూత్రమును శతాబ్దమున వైద్యము సాధించిన పురోగతులలో అతిముఖ్యమైనది కావచ్చునని ప్రశంసించెను. ఇరువదియైదేండ్లకు ముందు చటర్జీ వ్రాసిన వ్యాసము ప్రకటింపఁబడినదియు నా పత్రికలోనే! మహలానబిస్ 2022లో పరమపదించెను. 2023లో ఆయనకు పద్మవిభూషణ బిరుదము ప్రకటింపఁబడెను.

తెలిసినదానిని ఊరూరికి నేర్పుట యెట్లు? ఇచ్చట బంగ్లాదేశమున బ్రాక్ అను సంస్థ చేసిన పని ఉపాధ్యాయవృత్తిలో జీవితము గడపిన నావంటివానికి మిక్కిలి నచ్చినది. 1980 మొదలు 1990 వఱకు ఆ సంస్థ స్త్రీలను ఇంటింటికి పంపి, ఒక కోటి యిరువది లక్షలకు పైగా గృహములలో తల్లులకు ఉప్పు, బెల్లము, నీరు కలుపు విధమును నేర్పించెను. మూఁడు వ్రేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము, అరసేరు నీరు: కొలపాత్ర తల్లి చేయియే. నేర్పిన స్త్రీకి జీతమెట్లిచ్చిరో వినుఁడు. కొన్నాళ్లకు మఱియొకరు పోయి, కొందఱు తల్లులను పరీక్షించి, వారికెంత గుర్తున్నదో, వారు కలిపిన నీరు సరిగా నున్నదో చూచి, దానినిబట్టి జీతము లెక్కకట్టిరి. ఎంత చెప్పితివని కాదు, ఎంత నిలిచినదని యడిగిరి. ఈ లెక్కను మా పాఠశాలలలో పెట్టియున్నచో మాలో నెందఱకు పూర్తి జీతము ముట్టియుండెడిదో!

అంతటితో తీఱలేదు. తల్లులు నేర్చిరిగాని రోగము వచ్చినపుడు వాడుట తక్కువగా నుండెను. కారణము విచారింపఁగా, చెప్పుచున్న స్త్రీలకే దానిపై పూర్తి నమ్మకము లేదని తెలిసెను. వారిని ఢాకా తీసికొనిపోయి, రోగులు కోలుకొనుటను కన్నులార చూపించిరి. తరువాత వారు తల్లుల యెదుట ఆ నీటిని తామే త్రాగి చూపిరి. తాము కలిపి చూపుట మాని, తల్లులచేతనే వారి పాత్రలలోనే కలిపించిరి. మాన్సన్ రాసునకు చేసినదిదియే. సుశ్రుతుఁడు గుమ్మడికాయను చేతికిచ్చినదిదియే. చూచి, చేసి, నమ్మిన విద్యయే నిలుచును.

వైద్యులకును అట్లే నేర్పవలసివచ్చెను. ప్రపంచారోగ్యసంస్థయు యూనిసెఫ్ సంస్థయు కలసి 1990 తరువాతి సంవత్సరములలో, బిడ్డలకు వచ్చు సామాన్యరోగములను, అనఁగా దగ్గు, విరేచనములు, జ్వరము, చెవిపోటు, పోషణలోపము వీనినన్నిటిని, ఒక్క క్రమమున పరీక్షించు పద్ధతిని సిద్ధపఱచినవి. దాని శిక్షణ పదునొకండు దినములు. అందు కేవలము పాఠములే కాక, ఆసుపత్రికి వచ్చిన నిజమైన బిడ్డలను చూచి నేర్చుట ముఖ్యభాగము.

దగ్గు విషయమున నా పద్ధతి యెంత సులభమో చూడుఁడు. బిడ్డ నెమ్మదిగా నున్నపుడు నిండు నిమిషము ఊపిరులు లెక్కింపవలెను. రెండు నెలలు నిండి యేఁడాది నిండని బిడ్డ నిమిషమునకు 50 గాని అంతకెక్కువగాని, ఏఁడాది నిండి యైదేండ్లు నిండని బిడ్డ 40 గాని అంతకెక్కువగాని ఊపిరులు తీసికొనుచున్నచో న్యుమోనియాయని యనుమానించి మందు మొదలుపెట్టవలెను. మొదటి నియమము ప్రకారము రొమ్ము క్రిందిభాగము లోపలికి పోవుచున్నను పెద్ద యాసుపత్రికి పంపవలసియుండెను; బిడ్డ పాలు త్రాగలేకున్నచో ఆలస్యము చేయక పెద్ద యాసుపత్రికి పంపవలెను. వట్టి పడిసెమునకు సూదిమందు వలదు. గొప్ప యంత్రము లేదు. గడియారమును ఓర్పును చాలును. ఐనను పట్టము పొందిన వైద్యుఁడు ఊపిరులు లెక్కించుటకు మొదట చిన్నతనముగా భావించుట సహజము.

ఒకమాఱు నేర్చిన క్రొత్తవిద్యయు పాతబడును. ఓ.ఆర్.ఎస్. పొట్లమునే చూడుఁడు. మొదటి కొలతలో లీటరునకు 3.5 గ్రాముల ఉప్పు, 20 గ్రాముల గ్లూకోజు ఉండెను. 2002లో ప్రపంచారోగ్యసంస్థ దానిని సవరించి ఉప్పును 2.6 గ్రాములకును గ్లూకోజును 13.5 గ్రాములకును తగ్గించెను. పలుచని నీరే బిడ్డలకు మఱింత మేలని తేలెను. 2004లో దానితోపాటు జింకు మాత్రలు పది మొదలు పదునాలుగు దినములు ఇయ్యవలెనని చెప్పిరి: ఆఱు నెలలు నిండనివారికి దినమునకు 10 మిల్లీగ్రాములు, నిండినవారికి 20. కోటి ప్రాణములు నిలిపిన మందునే సవరించుటకు సిగ్గుపడని శాస్త్రము నమ్మఁదగినది.

ఈ నిత్యాధ్యయనమును విధిగా చేసినవారును కలరు. అమెరికాలో 1947లో స్థాపింపఁబడిన సామాన్యవైద్యుల పరిషత్తు తన సభ్యులు ప్రతి మూఁడేండ్లకు 150 గంటలు చదువుకొనవలెనని నియమము పెట్టెను. రోగవిశేషజ్ఞులకంటె ముందు సామాన్యవైద్యులే యీ నియమమును తమకుఁ దాము పెట్టుకొనుట గమనింపఁదగినది. మన దేశమున 2002 నాఁటి వైద్యధర్మనియమావళి వైద్యుఁడైదేండ్లకు 30 గంటలైన నట్టి సభలయందు పాల్గొనవలెనని చెప్పెను. గంటలు లెక్కించుట సులభము. సభకు పోయి కునుకుతీసి వచ్చినవానికిని గంటలు గంటలే. బ్రాక్ సంస్థవలె, తిరిగివచ్చిన వైద్యుఁడు రోగికి చేసినదేమని చూచుటయే నిజమైన పరీక్ష. నేనిప్పుడు చేయుచున్న యీ ప్రసంగమునకును నా న్యాయమే వర్తించును. విన్నంతమాత్రమున ఫలము లేదు.

ఇఁక గ్రామపెద్దలైన మీతో నొకమాట. వైద్యుఁడొక్కఁడు నేర్చిన చాలదు. విరేచనముల బిడ్డకు వైద్యుఁడు పొట్లము చేతికిచ్చి త్రాగించుమన్నచో, ఈయనకు సూది వేయుట రాదా, సెలైను పెట్టుట రాదా యని మనవారు మఱియొకని యొద్దకు పోవుదురు. వైద్యుఁడు నేర్చిన విద్య రోగి తెలియమిచేత నోడిపోవును; కొన్నాళ్లకు నతఁడును జీవనమునకై మనము కోరిన సూదియే వేయును. అరుగుమీఁద కూర్చుండి, 'నీరియ్యకుఁడు' అని మన తాతలు చెప్పిన మాటకు ఊరంతయు తల యొగ్గెను. 'నీరిండు, గంజి యిండు, తల్లిపాలు మానకుఁడు' అని మీరు చెప్పినచో నా మాటకును తల యొగ్గును.

ఇంట పొట్లమున్నచో దానిపై వ్రాసిన కొలతనీటిలో పొట్లమంతయు కలిపి, గ్రుక్కగ్రుక్కగా త్రాగింపుఁడు; వాంతియైనచో పది నిమిషములాగి మఱల మొదలిడుఁడు. పొట్లము లేనిచో కాఁచి చల్లార్చిన లీటరు నీటిలో చదునుగా ఆఱు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు కలుపుఁడు, ఉప్పు మించరాదు. కన్నులు గుంటపడినను, చర్మము పట్టి విడిచినపుడు మెల్లగా సర్దుకొనుచున్నను, బిడ్డ మత్తుగా పడియున్నను, త్రాగలేకున్నను, మలమున నెత్తురున్నను జాగు చేయక యాసుపత్రికి చేర్పుఁడు. వైద్యుని, 'అయ్యా, ఈ రోగమునకు ఇప్పుడేమి చెప్పుచున్నారు?' అని గౌరవముతో నడుగుఁడు. ఆ ప్రశ్నలో 'ఇప్పుడు' అను మాట విడువకుఁడు. మంచి వైద్యుఁడు దానికి నొచ్చుకొనఁడు.

బుద్ధిమంతునకు లోకమంతయు నాచార్యుఁడేయని చరకాచార్యుల మతము. రాసునకు మాన్సను ఆచార్యుఁడు; మహలానబిసునకు శిబిరములోని యాపద యాచార్యుఁడు; బంగ్లాదేశపు వైద్యులకు చదువెఱుఁగని తల్లులు ఆచార్యులు. మా వీథి బాలుఁడును నాకొక యాచార్యుఁడే. నీటికుండవైపు చూచిన యా చూపు నాకు చెప్పిన పాఠము నేఁటికిని మఱువరాలేదు. అట్టి పాఠము మీ వీథిలో నే బిడ్డయు చెప్పవలసిన యవసరము రాకుండుఁగాక!